పుట్టగొడుగుల పిన్ని మీద ఫిర్యాదు

పుట్టగొడుగుల పిన్ని నిజానికి ఎవరికీ పిన్ని కాదు. తల్లికి ఒక్కగానొక్క కూతురు. అక్కలు లేరు, అక్కల పిల్లలూ లేరు. అయినా కూరగాయల దుకాణం ఆయన దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఆ చుట్టుపక్కల అందరూ ఆవిడని పిన్నీ అనే పిలుస్తారు. పిలవకపోతే పిలిపించుకుంటుంది. కొత్తవాళ్ళెవరైనా తెలియక "మేడమ్" అంటే, "మేడమ్ ఎవరు? నా వెనకాల ఎవరైనా నిలబడ్డారా?" అని తల తిప్పి వెనక్కి చూస్తుంది.

మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు, షెడ్లలో పెరిగింది. ఇంటి వెనక పొడుగాటి షెడ్లు నాలుగున్నాయి. లోపల చల్లగా, తడిగా, మసక చీకటిగా ఉంటుంది. రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి అరలు, అరల నిండా ఎరువు, ఎరువు మీద నల్లటి మట్టి, ఆ మట్టిలోంచి తెల్లగా తలలెత్తుకుని చూసే పుట్టగొడుగులు. పైన ఫ్యాన్లు రోజంతా హోరుమంటూ తిరుగుతాయి. ఆ హోరులో పక్క అర దగ్గరున్న మనిషికి వినపడాలంటే అరవాల్సిందే. అలా అరిచి అరిచి పిన్ని రహస్యాలు కూడా వీధి చివరికి వినపడేలా చెప్పడం అలవాటు చేసుకుంది.

షెడ్లు వేసింది భర్త. గుండెపోటుతో ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారు. ఆవిడ వినలేదు. పాత పనివాళ్ళు అంతా ఆవిడ ఈడు ఆడవాళ్ళే. వాళ్ళతో కలిసి కోస్తూ, కోయిస్తూ, నవ్వుతూ, దెబ్బలాడుతూ ఏళ్ళు గడిపేసింది. అయితే షెడ్లతో పాటు వాళ్ళకీ వయసొచ్చింది. ఒకావిడకి మోకాళ్ళ ఆపరేషనైంది. ఇంకొకావిడ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మూడో ఆవిడ నడుం ఒకరోజు వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఊళ్ళో వయసు పిల్లలేమో కొత్తగా కట్టిన పెద్ద బజారులో, ఏసీలో, ఇస్త్రీ చొక్కాలేసుకుని నిలబడే ఉద్యోగాల్లో చేరిపోయారు. పిన్ని వాళ్ళని తప్పుపట్టలేదు. కానీ పుట్టగొడుగులకి ఇవన్నీ చెబితే వింటాయా? ఇవాళ చొక్కా గుండీ అంత ఉన్నది రేపటికి గిన్నెమూత అంత అవుతుంది. గొడుగు విచ్చుకుందంటే దుకాణంవాళ్ళు ముట్టుకోరు. ఆ ఏడాది పిన్ని కళ్ళముందే బుట్టలకి బుట్టలు విచ్చుకుపోయి మళ్ళీ ఎరువులో కలిశాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు మరిది. పిన్ని భర్తకి తమ్ముడు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరై, అన్నగారింటి మేడ మీద గదిలో ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయనకి రూల్సంటే ప్రాణం. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా దానితో వచ్చిన కాగితం మడతలు విప్పి ఆ చివర నుంచి ఈ చివరికి చదివి గానీ వేసుకోడు. ఈలోగా తలనొప్పి తగ్గిపోయిన సందర్భాలున్నాయి.

"వదినా, పని మనుషులు దొరక్కపోతే బయటిదేశం నుంచి కొంతకాలానికని తెచ్చుకోవచ్చు. గవర్నమెంటే పర్మిట్టిస్తుంది" అన్నాడు.

"అయితే తెచ్చెయ్" అంది పిన్ని.

"తెచ్చెయ్యడానికి అదేమైనా కొత్తిమీర కట్టా వదినా? దానికో పద్ధతుంది. ముందు ఇక్కడివాళ్ళ కోసం నిజాయితీగా వెతకాలి. ప్రకటన వెయ్యాలి. వచ్చినవాళ్ళని పిలిచి మాట్లాడాలి, పనికొస్తే వాళ్ళకే ఇవ్వాలి. ఎవరూ కుదరకపోతేనే బయటివాళ్ళు. వాళ్ళకి కూడా ఇక్కడివాళ్ళకిచ్చే జీతమే ఇవ్వాలి. ఉండటానికి గది చూపించాలి, జబ్బు చేస్తే ఆసుపత్రి బీమా కట్టాలి, వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ టిక్కెట్లు కొనాలి. ఒప్పందం వాళ్ళ భాషలో రాయించి ఇవ్వాలి."

"అవన్నీ చెప్పకపోతే మాత్రం నేను చెయ్యనా ఏంటి? ఇంటికొచ్చిన మనుషుల్ని చూసుకోవడం నాకు గవర్నమెంటు నేర్పాలా?" అంది పిన్ని.

ప్రకటన వేశారు. మనుషులు వచ్చారు కూడా. పిన్ని ప్రతి ఒక్కరినీ ఆశగానే చూసింది. ఒకాయనకి చీకటంటే భయం. తలుపులు బార్లా తీసి ఉంచితే కోస్తానన్నాడు. ఒకావిడ చేతులు భలే చురుగ్గా ఆడాయి గానీ లోపలికెళ్ళిన కాసేపటికే తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య కోయాలంటే పాపం ఎంతని కోస్తుంది? చివరికి ఒకాయన మధ్యాహ్నం దాకా చక్కగా పనిచేసి, భోంచేసి వస్తానని వెళ్ళాడు. ఇప్పటికీ భోంచేస్తూనే ఉన్నాడు.

ఎవరు ఎందుకు కుదరలేదో మరిది ఆఫీసు కోసం కాగితం మీద పెడుతుంటే పిన్ని పక్కన కూర్చుని చెప్పింది. "ఆయన భోజనానికి వెళ్ళాడని రాయి."

"తిరిగి రాలేదని కూడా రాయాలి వదినా. లేకపోతే భోజనానికి వెళ్ళినందుకు తీసేశామనుకుంటారు."

తరవాత గది చూడటానికి కార్మిక శాఖ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. కళ్ళద్దాలు, నెమ్మదైన మాట, చేతిలో కొలిచే టేపు. బుట్టలు సర్దే షెడ్డు పైన ఉన్న గదిని పిన్ని ముందురోజే కడిగించి, గోడలకి సున్నం వేయించి, నేల తళతళలాడేలా ఉంచింది. ఇన్‌స్పెక్టరమ్మ నేల చూడలేదు. గది పొడుగు కొలిచింది, వెడల్పు కొలిచింది, మంచానికీ మంచానికీ మధ్య ఎడం కొలిచింది, వేడినీళ్ళ కుళాయి తిప్పి చెయ్యి పెట్టి చూసింది.

"నా పెళ్ళికి జాకెట్టు కుట్టినావిడ కూడా నన్నింతగా కొలవలేదు" అని పిన్ని మరిది చెవిలో చెప్పింది. గొంతు గొంతే కాబట్టి ఇన్‌స్పెక్టరమ్మకీ వినపడింది. ఆవిడ పెదవి కొంచెం కదిలింది గానీ టేపు ఆగలేదు.

చివరికి గది కుదరదంది. కిటికీ రెక్కలు రంగులో అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు. అదొకటి. రెండోది తలుపు. "దీనికి బయట గొళ్ళెం ఉంది, లోపల గడియ లేదండీ. తలుపు లోపలి నుంచి వేసుకునేలా ఉండాలి. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలి."

"ఇక్కడ దొంగలెవరూ లేరమ్మా. ఉండేది నేనేగా!"

"మీరుంటారనే అడుగుతున్నానండీ" అంది ఇన్‌స్పెక్టరమ్మ, చాలా మర్యాదగా.

ఆ మాటకి పిన్ని రెండురోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. ఆ తరవాత వడ్రంగిని పిలిచి కిటికీ బాగుచేయించింది, గడియ పెట్టించింది, ఎవరూ చెప్పకుండానే పరుపులు కూడా కొత్తవి తెప్పించింది. పరుపు మెత్తగా ఉందో లేదో చూద్దామని ఒకదాని మీద వాలి సాయంత్రం దాకా గుర్రుపెట్టి నిద్రపోయింది. లేచి, "పాసు" అంది.

పర్మిట్టు వచ్చాక ఇంకో గొడవ. వచ్చేవాళ్ళ పాస్‌పోర్టులు పోకుండా తన ఇనప బీరువాలో పెడతానని పిన్ని బీరువాలో ఒక అర ఖాళీ చేసింది. అది చూసి మరిదికి చెమటలు పట్టాయి. "వదినా, అది నేరం. వాళ్ళ పాస్‌పోర్టు మనం ఉంచుకోకూడదు."

"భద్రంగా ఉంటుందనే కదయ్యా!"

"నీ పుట్టింటి గొలుసు భద్రంగా ఉంటుందని నేను తీసుకెళ్ళి నా పెట్టెలో పెట్టుకుంటే ఊరుకుంటావా?"

పిన్ని ఆ అరలో మళ్ళీ దుప్పట్లు సర్దింది.

వచ్చింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకే దేశం వాళ్ళే గానీ బంధువులు కారు. ఒకామెకి ముప్ఫై దాటి ఉంటాయి. సన్నగా, మాట తక్కువగా, చూపు నిలకడగా ఉండే మనిషి. రెండో అమ్మాయి చిన్నది, దేనికైనా నవ్వుతుంది. వాళ్ళ పేర్లు పలకడానికి పిన్ని అద్దం ముందు నిలబడి మరీ సాధన చేసింది. తీరా పిలిస్తే చిన్నామె కడుపు పట్టుకుని కింద కూర్చుని నవ్వింది. ఆ పేరు పిన్ని పలికినట్టు పలికితే వాళ్ళ భాషలో చీపురని అర్థమట. ఆఖరికి వాళ్ళే రాజీకొచ్చి పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అంటే చాలన్నారు. వాళ్ళు ఆవిడని పిన్నీ అన్నారు. ఆ ఒక్క మాట మొదటిరోజే వచ్చేసింది.

పని నేర్పడానికి పిన్నికి భాషతో అవసరం పడలేదు. వాళ్ళ చేతి మీద తన చెయ్యి వేసి, "తిప్పు, లాగు, కొయ్యి" అనేది. పుట్టగొడుగు టోపీ మీద వేలి గుర్తు పడకుండా పట్టుకోవాలి, మెల్లగా తిప్పి లాగాలి, మట్టి అంటిన కాడని చిన్న కత్తితో కోసి, టోపీ పైకి ఉండేలా బుట్టలో పేర్చాలి. పెద్దమ్మాయి ఆ వారంలోనే పట్టేసింది. చిన్నమ్మాయి కొన్నాళ్ళు కాడలతో పాటు చేతి తొడుగుల్ని కూడా కోసింది.

ఇక పిన్నికి పండగే. ఇన్నాళ్ళకి ఇంట్లో మనుషులు దొరికారు. పొద్దున వేడివేడి సూప్ గిన్నె పట్టుకుని మెట్లెక్కి, "ఏమర్రా!" అంటూ తలుపు తోసుకుని లోపలికెళ్ళిపోయేది. వాళ్ళు జుట్టు విప్పుకుని ఉన్నా, బట్టలు మార్చుకుంటున్నా ఆవిడకి పట్టింపు లేదు. తను ఆడదే, పైగా పిన్ని. లోపల గడియ పెట్టించింది తనే గానీ, వాళ్ళు వేసుకుంటే చిన్నబుచ్చుకుంటుందని వాళ్ళు వేసుకోవడం మానేశారు. పెద్దమ్మాయి దుప్పటి మడత సరిగ్గా లేదని పిన్నే విప్పి మళ్ళీ మడిచేది. మాట్లాడుతూనే ఉండేది. భర్త గుండెపోటు, అత్తగారి పెట్టుపోతలు, పన్ను పీకించుకున్న కథ అన్నీ చెప్పింది. వాళ్ళకి సగం అర్థమయ్యేది, సగానికి తలూపేవారు.

వారానికో రోజు సెలవు. ఆ రోజు పిన్ని వాళ్ళని బయల్దేరదీసేది. ఒక వారం పెదనాన్నగారి అబ్బాయి ఇల్లు, ఒక వారం చిన్నప్పటి స్నేహితురాలి ఇల్లు, ఇంకో వారం బాబాయి మనవరాలికి పుట్టిన బిడ్డని చూడటానికి. "పదండి, పదండి!" అంటే చాలు, ఇద్దరూ చెప్పులేసుకునేవారు. వెళ్ళినచోటల్లా విందు. వద్దంటున్నా వడ్డన, ఫొటోలు. పిన్ని వాళ్ళని చెరో పక్కన కూర్చోబెట్టుకుని, "మా అమ్మాయిలు" అని చూపించుకునేది. పెద్దమ్మాయి సోఫా చివర కూర్చుని చిన్నగా నవ్వుతూ ఉండేది. అప్పుడప్పుడూ గోడ గడియారం వైపు చూసేది. ఆ కళ్ళు మూతలు పడుతుంటే, "తిండి ఎక్కువైంది పిల్లకి!" అని అందరూ నవ్వేవారు.

"వదినా, సెలవు రోజు వాళ్ళది" అన్నాడు మరిది ఒకసారి.

"వాళ్ళదే కాబట్టే కదయ్యా తిప్పుతున్నా! గదిలో ముడుచుకుని కూర్చుంటే బెంగ పెట్టుకోరూ?"

అలా రోజులు చల్లగా సాగిపోతుండగా ఒక మధ్యాహ్నం, కోత ముమ్మరంగా ఉన్న సమయంలో, చెప్పా పెట్టకుండా ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఈసారి టేపు తేలేదు. పనివాళ్ళిద్దరితో విడివిడిగా మాట్లాడాలంది. ఫోన్‌లో అవతల వాళ్ళ భాష తెలిసిన మనిషిని పెట్టుకుని, బుట్టలు సర్దే షెడ్డు తలుపు వేసుకుని మాట్లాడింది. పిన్ని బయట బల్ల దగ్గర నిలబడి ఒక పుట్టగొడుగు కాడ కొయ్యడం మొదలుపెట్టింది. కాడ అయిపోయింది, టోపీ కూడా అయిపోయింది, చేతిలో కత్తి మాత్రం మిగిలింది.

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ సూటిగా అడిగింది. "సెలవు రోజుల్లో వీళ్ళని వేరే ఇళ్ళకి తీసుకెళ్తున్నారా?"

"తీసుకెళ్తున్నా."

"అక్కడ వీళ్ళతో ఏం చేయిస్తారు?"

"ఏం చేయిస్తానమ్మా? తినిపిస్తా!"

"సాక్షులు కావాలంటే మా వదిన వంశమంతా ఉందండీ" అన్నాడు మరిది.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకునేసరికి ముఖం మామూలుగా ఉంది. "చూడండి పిన్నిగారూ, ఎవరో మా హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు. ఎవరన్నది నేను చెప్పను, మీరు అడగకూడదు. తిట్టారనో కొట్టారనో కాదు. వాళ్ళడిగింది ఒక్కటే. సెలవు రోజు యజమాని చుట్టాలింటికి వెళ్ళడం ఉద్యోగంలో భాగమా? రానంటే పర్మిట్టు పోతుందా? అని. అలాంటి ప్రశ్న వస్తే మేం వచ్చి చూడాలి. ఇక్కడ వెట్టిచాకిరీ ఏమీ లేదని నాకర్థమైంది. కానీ సెలవు వాళ్ళది. గది కూడా వాళ్ళదే. వాళ్ళు రమ్మంటేనే మీరు లోపలికెళ్ళాలి. ఈసారికి నోటిమాటగా చెబుతున్నాను."

ఆవిడ వెళ్ళిపోయింది. పిన్ని బల్ల దగ్గరే నిలబడిపోయింది. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడలేదు. "పర్మిట్టు పోతుందా అనా? నేను పర్మిట్లు పీకేసేదాన్లా కనపడ్డానా?"

ఆ సాయంత్రం అన్నం సహించలేదు. తిరిగిన ఇళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ సోఫాలు, ఆ వడ్డనలు, ఆ ఫొటోలు. వాళ్ళు వచ్చింది తన మీద ఇష్టంతో అనుకుంది. భయంతోనా? తన చుట్టాలింట్లో వాళ్ళు మింగిన ప్రతి ముద్దా భయంతో మింగారా? తలుచుకున్నకొద్దీ సిగ్గేసింది. సిగ్గు ఎక్కువైతే పిన్నికి అది కోపంలా బయటికొస్తుంది.

మర్నాటి నుంచి ఆవిడ రూల్సు మొదలుపెట్టింది. సూప్ లేదు, మెట్లెక్కడం లేదు. "ఏమర్రా" పోయి "ఏమండీ" వచ్చింది. చిన్నమ్మాయి పొద్దున్నే "పిన్నీ!" అంటూ ఎదురొస్తే, "నమస్కారమండీ, మూడో షెడ్డులో మీకు పని ఉందండీ" అంది. ఆ పిల్లకి ఏమీ అర్థంకాక మొదట నవ్వింది, తరవాత నవ్వు మానేసింది. షెడ్లలో ఫ్యాన్ల హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. పిన్ని చెప్పాల్సిందేమైనా ఉంటే మరిది చేత కబురు పంపేది. ఆయనకి మొదట్లో ఇదంతా ముచ్చటగానే ఉంది. ఆ ఇంట్లో రూల్సు ఇంత చక్కగా అమలైన రోజులు ఆయనెప్పుడూ చూడలేదు. వారం తిరిగేసరికి ఆయనకే విసుగొచ్చింది.

"వదినా, నేను ఆ రూల్సన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. మనుషులతో మాట్లాడకూడదని ఎక్కడా లేదు."

"నేను మాట్లాడితే భయపడుతున్నారుగా. మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతే ఇంకా భయపడుతున్నారు. చిన్నదాన్ని చూడు, ఎలా అయిపోయిందో."

పిన్ని బుట్ట చంకనెత్తుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఆ మరుసటి రోజు పని అయ్యాక పిన్ని పెరట్లో కుళాయి దగ్గర కత్తులు కడుగుతోంది. పెద్దమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతులు రెండూ తుండుగుడ్డలో చుట్టుకుని ఉన్నాయి.

"పిన్నీ. ఫోన్, నేను" అంది.

పిన్ని కుళాయి కట్టేసింది. "నేను అడగలేదే."

"మీరు అడగలేదు. నేను చెప్తున్నా. చిన్నది కాదు. నేను." వచ్చిన నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటిగా ఏరుకుని పేరుస్తున్నట్టు మాట్లాడింది. "కోపమా?"

"కోపం కాదమ్మా." పిన్ని చేతిలో కత్తి పక్కన పెట్టింది. "వాళ్ళనీ వీళ్ళనీ అడిగే బదులు నన్నే అడగొచ్చుగా? పిన్నీ, నేను రాను అంటే పోయేదానికి!"

"మీరు అడగలేదు."

"నేనేం అడగలేదు?"

"వస్తావా? అడగలేదు. పద పద, అన్నారు. అంతే."

నిజమే. ఎవర్నైనా వస్తావా అని అడిగి ఎన్నేళ్ళైంది?

పెద్దమ్మాయి తుండుగుడ్డలోంచి ఫోన్ తీసి చూపించింది. తెర మీద ఒక ఆడపిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడి, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వుతోంది.

"నా కూతురు. అమ్మమ్మ దగ్గర. మనకి పొద్దున, వాళ్ళకి సాయంత్రం. మామూలు రోజు పాప మేలుకుని ఉన్నప్పుడు నేను షెడ్డులో. నేను వచ్చినప్పుడు పాప నిద్ర. సెలవు రోజు ఒక్కటే. పాప ఎదురుచూస్తుంది. నేను..." సోఫా అన్న మాట రాక, చేతులతో మెత్తటి కుర్చీ ఆకారం గీసి, దాని మీద బిగుసుకు కూర్చుని నవ్వే మనిషిని చూపించింది.

"నీకు కూతురుందా?" పిన్ని అక్కడే బోర్లించిన బుట్ట మీద కూలబడింది. "ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేమే?"

పెద్దమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆ మాట మళ్ళీ అనడం ఆమెకి ఇష్టం లేకపోయింది. అననక్కర్లేకుండానే పిన్నికి వినపడింది. తన పన్ను కథ ఈ పిల్లకి రెండుసార్లు చెప్పింది. అత్తగారి కథలు లెక్కలేదు. నీకెవరున్నారమ్మా అని మాత్రం ఒక్కసారి అడగలేదు. పిల్లలున్న తల్లని ఆ చూపు చూస్తేనే తెలిసి ఉండాల్సింది. చూసే తీరికేదీ, మాట్లాడుతూ ఉంటే!

"నాకు మొదలుపెడితే ఆపడం రాదే అమ్మా" అంది పిన్ని కళ్ళొత్తుకుంటూ.

"తెలుసు" అంది పెద్దమ్మాయి.

అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు పెద్దమ్మాయికి నవ్వొచ్చింది. పిన్నికి నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది. పెద్దమ్మాయి తుండుగుడ్డ ఇచ్చింది.

ఆ వారం సెలవు రోజున పిన్ని ఒక్కతే పెదనాన్నగారి అబ్బాయింటికి వెళ్ళింది. "అమ్మాయిలేరీ?" అని అడిగారు. "వాళ్ళకి సెలవు" అంది. "మరి నీకో?" అన్నాడు ఆయన. పిన్ని దీనిమీద కొంచెం ఆలోచించి, వడ్డన మొదలుకాకముందే లేచి ఇంటికొచ్చి, కాళ్ళు బారచాపుకుని పడుకుంది.

అడగడం నేర్చుకోవడం ఆవిడకి తేలిగ్గా రాలేదు. నోట్లోంచి "పదండి" వచ్చాక నాలుక కరుచుకుని "వస్తారా?" అని చేర్చేది. చిన్నమ్మాయికి ఇది మహా సరదాగా ఉంది. కొత్తగా నేర్చుకున్న మాట కదా, "రాను!" అని గట్టిగా, పాట పాడినట్టు అనేది. సినిమాకి వస్తావా, రాను. బజారుకి వస్తావా, రాను. ప్రతి "రాను"కీ మొదట్లో పిన్ని ముఖం కొంచెం వాడేది. తరవాత తరవాత ఆవిడే ఎదురు నవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు చిన్నమ్మాయి తనంతట తనే వచ్చి, బాబాయి మనవరాలి బుజ్జి బిడ్డని చూడటానికి మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావని అడిగింది. పిన్ని ఆ కబురు మరిదికి మేడ కింద నుంచి అరిచి చెప్పింది. వీధి వీధంతా విని సంతోషించింది.

ఇంకో సెలవు రోజు పొద్దున పెద్దమ్మాయి మెట్ల మీద నుంచి పిన్నిని పైకి రమ్మని పిలిచింది. ఫోన్‌లో ఆ పాప ఉంది. పడుకునే బట్టల్లో ఉంది, చేతిలో బొమ్మ. తెరలో పిన్నిని చూసి కళ్ళు చిన్నవి చేసి ఏదో గట్టిగా అడిగింది.

"ఏమంటోందే?"

పెద్దమ్మాయి మొహమాటపడింది. "మా అమ్మని ఎక్కువసేపు నిలబెట్టేది నువ్వేనా, అంటోంది. నేను ఒకసారి కాళ్ళు నొప్పి అన్నాను."

"నేనేనని చెప్పు" అంది పిన్ని. కాసేపు ఆ పాపనే చూసింది. "ఇంకేమంటోందో కూడా అడుగు."

పాప ఇంకా చాలా అంది. పిన్ని మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. మర్నాడు బజారుకెళ్ళి కింది అరల దగ్గర కూర్చుని కొయ్యడానికి చక్రాల స్టూళ్ళు కొనుక్కొచ్చింది. కూర్చుని కాళ్ళతో తోసుకుంటే అర వెంబడి జరిగిపోతాయి.

"ఇది రూల్లో లేదు వదినా" అన్నాడు మరిది.

"ఆ పిల్ల పెట్టింది ఈ రూలు."

పర్మిట్టు గడువు దగ్గరపడ్డాక మళ్ళీ అన్నీ మొదటి నుంచి వచ్చాయి. మళ్ళీ ప్రకటన వేశారు. ఈసారి ఒక మధ్యవయసు ఆయన వచ్చాడు, స్టూలు చూసి కూర్చున్నాడు, కూర్చున్నవాడు నిలిచాడు. ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ టేపుతో వచ్చి గది చూపించమంటే, "తాళంచెవి నా దగ్గర లేదమ్మా, వాళ్ళనడగండి" అంది పిన్ని, అదేదో తనే కనిపెట్టిన పద్ధతన్నట్టు. చిన్నమ్మాయి ఇంకో విడత ఉంటానంది. పెద్దమ్మాయిని పిన్ని విడిగా కూర్చోబెట్టి అడిగింది.

"ఉంటావా?"

పెద్దమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. పిన్ని కూడా మాట్లాడలేదు. అంతసేపు ఊరుకోవడం ఆవిడకి ఎంత కష్టమో మేడ మీద నుంచి చూస్తున్న మరిదికి తెలుసు.

"వెళ్తా పిన్నీ. పాప పెద్దబడికి వెళ్తుంది. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళాలి మరి" అంది పిన్ని వెంటనే. అనేసి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసింది.

తిరుగు టిక్కెట్టు కొనడం యజమాని బాధ్యత. పిన్ని కిటికీ పక్క సీటే కావాలని మరిది ప్రాణం తీసి కొనిపించింది. బయల్దేరే రోజు ఉదయం మరిది పాత కారు తీశాడు. "విమానాశ్రయం దాకా నేను కూడా రానా?" అని అడిగింది పిన్ని. పెద్దమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని కారెక్కించింది. వెనక సీట్లో పిన్ని మధ్యలో కూర్చుంది. ఒక పక్క పెద్దమ్మాయి, ఇంకో పక్క చిన్నమ్మాయి. మరిది ఏ మలుపులోనూ తొందరపడకుండా, వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, బోర్డు మీద రాసిన వేగాన్ని ఒక్క పిసరు దాటకుండా నడిపాడు.

పిన్ని చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. దారిలో చెబుదామని వరసగా గుర్తుపెట్టుకుంది. ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కేసరికి భుజం మీద బరువు తెలిసింది. పెద్దమ్మాయి నిద్రపోయింది. ముందురోజు రాత్రంతా సామాను సర్దుకుంటూ మేలుకుని ఉండాలి. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా ఊపిరి తీస్తోంది. చిన్నమ్మాయి ఏదో చెప్పబోతే పిన్ని వేలు పెదవి మీద పెట్టి వద్దంది. భుజం తిమ్మిరెక్కింది. మెడ పట్టేసింది. విమానాశ్రయం వచ్చేదాకా ఆవిడ కదలలేదు, మాట్లాడలేదు.